కట్టెల గుట్ట, తూటాల బల్ల: అమెరికా పల్లెల స్వావలంబన లెక్క

అమెరికా ఈశాన్య మూలన ఉన్న మేన్ రాష్ట్రంలో ఇల్లు వెచ్చబెట్టుకునే సీజన్ అక్టోబరులో మొదలైతే ఏప్రిల్ దాటాక గానీ ముగియదు. న్యూజెర్సీ శివార్లలో ఉండే తెలుగు కుటుంబాలకు ఈ గొడవ పెద్దగా తెలియదు. గోడ మీద థర్మోస్టాట్ తిప్పితే పని అయిపోతుంది, నెలాఖరుకి గ్యాస్ బిల్లు వస్తుంది. మేన్ పల్లెలకు గ్యాస్ పైపులైన్లు లేవు. రాష్ట్రంలో సగానికి పైగా ఇళ్లు హీటింగ్ ఆయిల్ మీద నడుస్తాయి. ఈ ఆయిల్ మీద ఇంతగా ఆధారపడిన రాష్ట్రం ఆ దేశంలో ఇంకోటి లేదు. ట్యాంకర్ వచ్చి బేస్‌మెంట్‌లో ఉన్న 275 గ్యాలన్ల ట్యాంకు నింపి పోతుంది. ఓ మాదిరి ఇంటికి ఏడాదికి 700 నుంచి 900 గ్యాలన్లు కావాలి. 2022లో గ్యాలన్ ధర 5 డాలర్లు దాటినప్పుడు ఒక్క చలికాలానికే 4,000 డాలర్ల లెక్క తేలింది. పల్లెటూళ్లో రిటైరైన దంపతులకు అది మామూలు దెబ్బ కాదు.

ఇలాంటి ఊళ్లలో చాలా ఇళ్ల వెనక కట్టెల గుట్ట ఉంటుంది. కొన్ని ఇళ్ల గ్యారేజీలో ఇంకోటి కూడా కనిపిస్తుంది: గట్టి చెక్కబల్ల, దానికి బిగించిన ఇనుప ప్రెస్సు, చిన్న త్రాసు, డబ్బాల నిండా వాడేసిన ఇత్తడి తూటా గొట్టాలు. కాల్చేసిన తూటాలను మళ్లీ నింపుకోవడానికి పెట్టుకున్న సరంజామా అది. దాన్ని రీలోడింగ్ అంటారు. పొయ్యిలోకి కట్టె, రైఫిల్‌లోకి తూటా, ఫ్రీజర్‌లోకి జింక మాంసం: మూడూ సొంతంగా సమకూర్చుకుంటే ఇక ఎవరి దయా అక్కర్లేదన్నది అక్కడ తరచు వినిపించే మాట. కట్టెల విషయంలో ఆ మాట చాలా వరకు నిజం. తూటాల విషయంలో సగం కూడా నిజం కాదు. ఎందుకు కాదో చూస్తే స్వావలంబన అనేది ఎక్కడిదాకా పనిచేస్తుందో తెలుస్తుంది.

ముందు కట్టెల సంగతి. మేన్ భూభాగంలో దాదాపు 90 శాతం అడవే, అమెరికా రాష్ట్రాలన్నిటిలో ఇదే ఎక్కువ. అందులోనూ ఎక్కువ భాగం ప్రైవేటు భూమి. పదెకరాల చెట్లున్న కుటుంబం ఏటా పడిపోయినవీ, పుచ్చినవీ, ఇరుకైనచోట ఎదగలేనివీ కోసుకుంటూ పోతే ఇంటికి కావలసిన కట్టెలో చాలా భాగం దొరుకుతుంది, మిగిలిన చెట్లు బాగా పెరుగుతాయి కూడా. కట్టెలను కొలిచే లెక్క పేరు ‘కార్డ్’. నాలుగడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున పేర్చిన గుట్ట, అంటే 128 ఘనపుటడుగులు. అందులో గాలి సందులు పోను అసలు కట్టె 80, 90 అడుగులే. ఇక్కడే మోసాలకు తావుంది. అమ్మేవాడు ట్రక్కులో గుట్టగా విసిరేసి తెచ్చి ‘ఇదే కార్డ్’ అంటే కొనేవాడు నమ్మాల్సి వస్తుంది. అందుకే మేన్ చట్టం 16 అంగుళాల ముక్కలను పేర్చకుండా వేస్తే 180 ఘనపుటడుగులు ఉండాలని విడిగా రాసింది. కట్టెల కొలతకు చట్టం దాకా వెళ్లారంటే ఆ ఊళ్లలో అది ఎంత గట్టి సరుకో ఊహించవచ్చు.

మేపుల్, ఓక్ లాంటి గట్టి జాతి కట్టె ఒక కార్డ్ బాగా ఎండాక మంచి పొయ్యిలో కాలిస్తే ఇచ్చే వేడి సుమారు 120 నుంచి 150 గ్యాలన్ల ఆయిల్‌కు సమానం. పూర్తిగా కట్టెల మీదే నడిచే ఇంటికి ఐదారు కార్డులు పడతాయి. పచ్చిగా ఉన్నప్పుడు ఒక్కో కార్డ్ రెండు టన్నులకు పైగా తూగుతుంది. అంటే ఏటా పది టన్నుల పైచిలుకు బరువును కోసి, చీల్చి, మోసి, పేర్చి, మళ్లీ ఇంట్లోకి తెచ్చి, చివరికి బూడిద ఎత్తి పోయాలి. ఒకే కట్టెను ఐదారుసార్లు చేత్తో పట్టుకోవాలన్నమాట. కట్టెలు ఉచితం అనేవాళ్లు ఈ చాకిరీకి ధర కట్టరు.

చాకిరీ కంటే ముఖ్యమైనది గడువు. అప్పుడే నరికిన చెట్టులో నీళ్లు చాలా ఉంటాయి. కొన్ని జాతుల్లో ఎండిన కట్టె బరువులో సగానికి పైనే నీరు. అలాంటి కట్టెను పొయ్యిలో పెడితే వేడిలో మంచి భాగం ఆ నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. మంట చల్లబడి పొగ చిక్కనవుతుంది. ఆ పొగ చిమ్నీ గోడలకు తగిలి జిడ్డు తారులా పేరుకుంటుంది. క్రియోసోట్ అంటారు దాన్ని. ఒకరోజు అదే అంటుకుంటే చిమ్నీ మొత్తం రైలింజన్‌లా గర్జిస్తూ మండుతుంది, ఇల్లు తగలబడిపోయిన సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి కట్టెలో తేమ 20 శాతానికి దిగాలి. యాష్ జాతి కట్టె ఓ వేసవిలో ఆరిపోతుంది. ఓక్ మాత్రం చీల్చి గాలికి పేర్చాక కూడా రెండేళ్లు తీసుకుంటుంది. ఎండిందా లేదా అని చూడటానికి మీటర్లు దొరుకుతాయి గానీ పాతకాలం వాళ్లు ముక్క చివర చూస్తారు: నడిమధ్య నుంచి అంచుకి పగుళ్లు పారి ఉండాలి, బెరడు వదులై ఊడిరావాలి, రెండు ముక్కలు కొట్టుకుంటే ఖంగుమనాలి. పచ్చిదైతే ధబ్‌మని చప్పుడొస్తుంది.

దీన్నిబట్టి చలి మొదలయ్యాక ఆయిల్ ధర చూసి ఉలిక్కిపడి కట్టెలకు మారదామనుకునేవాడికి దారి లేదు. వచ్చే ఏడాది వెచ్చదనం ఈ ఏడాదే పేర్చి ఉండాలి. 1973లో అరబ్ దేశాలు చమురు ఆపేసినప్పుడు మేన్ ఉన్న న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో జనం ఎగబడి ఇనుప పొయ్యిలు కొన్నారు. పొయ్యి ఒక్కరోజులో వస్తుంది, ఎండుకట్టె రాదు. పచ్చికట్టెలు కాల్చడం, చౌకరకం పొయ్యిలు బిగించుకోవడం, చిమ్నీ మంటలు, ఊరంతా పొగ, అన్నీ కలిసే వచ్చాయి. ఆ పొగే చివరికి 1988లో దేశవ్యాప్తంగా పొయ్యిలకు ఉద్గార పరిమితులు తెచ్చింది. అప్పుడు గంటకు 7.5 గ్రాముల పొగ రేణువుల దాకా అనుమతించారు. 2020 నుంచి కొత్త పొయ్యికి పరిమితి 2 గ్రాములు (మామూలు కట్టెతో పరీక్షిస్తే 2.5). గ్రామాల్లో దీన్ని ప్రభుత్వ జోక్యమని తిట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ కొత్త పొయ్యి తక్కువ పొగ వదులుతుందంటే అదే కట్టెలో ఎక్కువ భాగం మండుతోందని అర్థం. కట్టె కోసుకునేవాడికి అది నేరుగా మిగులే.

పొగ సంగతిని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. మోంటానాలో లిబ్బీ అనే చిన్న ఊరు కొండల మధ్య గిన్నెలాంటి లోయలో ఉంటుంది. చలికాలం గాలి కదలక పొగ అక్కడే నిలిచిపోయేది. 2005 నుంచి రెండేళ్లలో 1,100కు పైగా పాత పొయ్యిలు మార్చాల్సి వచ్చింది. అలాస్కాలో ఫెయిర్‌బ్యాంక్స్‌ది ఇప్పటికీ అదే కథ. ఒంటరి పొలంలో ఉన్న ఇంటికి కట్టెల పొయ్యి సొంత వ్యవహారం, లోయలో వెయ్యి ఇళ్లున్న ఊరికి కాదు.

అయినా కట్టెల పొయ్యికి ఉన్న ఒక గుణం దేనికీ లేదు. దానికి కరెంటు అక్కర్లేదు. ఆయిల్ ఫర్నేసు నిండా ఆయిల్ ఉన్నా బర్నర్ వెలిగించడానికి, వేడినీళ్లు తిప్పే పంపుకి కరెంటు కావాలి. రంపపు పొట్టును గట్టి గుళికలుగా చేసి 40 పౌండ్ల సంచుల్లో అమ్మే పెల్లెట్ల పొయ్యి కూడా అంతే, గుళికలను లోపలికి నెట్టే మోటారు ఆగిపోతే పొయ్యి ఆగిపోతుంది. 1998 జనవరిలో మంచువాన కురిసి తీగల మీద, కొమ్మల మీద గడ్డకట్టింది. మేన్ జనాభాలో సుమారు సగం మంది ఇళ్లకు కరెంటు పోయింది. కొందరికి రెండు వారాలు దాటాక గానీ తిరిగి రాలేదు. ఇంటి లోపల జనరేటర్లు పెట్టుకుని కార్బన్ మోనాక్సైడ్‌తో చనిపోయినవాళ్లున్నారు. కట్టెల పొయ్యి ఉన్న ఇళ్లు ఆ రెండు వారాలూ వెచ్చగానే ఉన్నాయి. స్వావలంబన అన్న మాటకు ఇంతకంటే నిఖార్సైన రుజువు దొరకదు. అయితే గొడ్డలి కాలం కాదు కదా ఇది. గొలుసు రంపానికి పెట్రోలు కావాలి, చైన్ కావాలి, ఆయిల్ కావాలి. కానీ ఏడాది కట్టె కోయడానికి కొద్ది గ్యాలన్ల పెట్రోలు చాలు, ఆ పని వేసవిలో ఎప్పుడైనా చేసుకోవచ్చు. బయటి ఆధారం ఉంది గానీ అది పీక మీద కూర్చునేంత పెద్దది కాదు.

తూటాల బల్ల దగ్గరికి వస్తే లెక్క తిరగబడుతుంది.

తూటాలో నాలుగు భాగాలు. ఇత్తడి గొట్టం, దాని అడుగున నాణెంలా అమరిన చిన్న ప్రైమర్ (దెబ్బ తగలగానే నిప్పు పుట్టించి మందును అంటించేది), లోపల పొగలేని తుపాకీ మందు, పైన బుల్లెట్. పేల్చినప్పుడు మందు కాలిపోతుంది, బుల్లెట్ వెళ్లిపోతుంది, ప్రైమర్ చచ్చిపోతుంది. మిగిలేది ఇత్తడి గొట్టమే. 70 పాళ్ల రాగి, 30 పాళ్ల జింకు కలిసిన ఆ గొట్టం తయారీలో బాగా ఖర్చుతో కూడిన భాగం. దాన్ని అచ్చులో నొక్కి పాత కొలతకు తెచ్చి మళ్లీ వాడితే రైఫిల్ గొట్టం ఐదు నుంచి పదిసార్లు దాకా పనికొస్తుంది. ఈ అలవాటు కొత్తది కాదు. 1870లలో మైదానాల్లో అడవిదున్నలను వేటాడినవాళ్లు రాత్రి డేరా దగ్గర మంట వెలుగులో తమ తూటాలు తామే నింపుకునేవారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక కాన్సాస్‌లో బ్రూస్ హాడ్జ్‌డన్ సైన్యం వదిలించుకున్న మిగులు మందు కొని రీలోడర్లకు చౌకగా అమ్మాడు, ఆయన పేరుతోనే ఇవాళ్టికీ పెద్ద కంపెనీ నడుస్తోంది. ఇంటి హాబీగా ఈ పని దేశమంతా వ్యాపించింది ఆ రోజుల్లోనే. చట్టం కూడా అడ్డు రాదు: అమ్మకానికి తయారుచేస్తే ఫెడరల్ లైసెన్స్ కావాలి, సొంత వాడకానికి అక్కర్లేదు. (మన దేశంలో అలా కాదు. 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటా తయారుచేయడమే నేరం.)

ఇందులో ఒక తమాషా ఉంది. ఇంట్లో మళ్లీ నింపుకోవడానికి వీలైన ప్రైమర్ రకాన్ని కనిపెట్టింది బ్రిటిష్ సైనికాధికారి బాక్సర్. నింపుకోవడానికి ఇబ్బందిపెట్టే రకాన్ని కనిపెట్టింది అమెరికన్ బెర్డాన్. ఇద్దరిదీ 1866 ప్రాంతమే. అమెరికా బాక్సర్‌ది తీసుకుంది, యూరప్ బెర్డాన్‌ది తీసుకుంది. అమెరికా పల్లెల్లో రీలోడింగ్ ఇంతగా పాకడానికి ఆ ఇచ్చిపుచ్చుకోవడం కూడా ఒక కారణం.

బల్ల మీద పని చూస్తే ఓపిక పరీక్ష. మందును తూచే కొలత గ్రెయిన్, ఒక పౌండ్‌కి 7,000 గ్రెయిన్లు. కంపెనీ అచ్చువేసిన కొలతల పుస్తకం పక్కన తెరిచి ఉంటుంది. ఏ బుల్లెట్‌కి ఏ మందు ఎంత అన్నది అందులో చూసే వేయాలి, సొంత తెలివి పనికిరాదు. బల్ల మీద ఒక్క మందు డబ్బానే ఉండాలన్నది అందరూ పాటించే నియమం. రెండు డబ్బాలుంటే ఎప్పుడో ఒకప్పుడు చెయ్యి తప్పుతుంది. చూపుకు అన్ని మందులూ ఒకేలా బూడిదరంగు పలుకుల్లా ఉంటాయి, మండే వేగాలు మాత్రం చాలా తేడా. .30-06 అనే రకం తూటాలో పీడనం చదరపు అంగుళానికి 60,000 పౌండ్ల దాకా అనుమతిస్తారు. త్వరగా మండే మందు పొరపాటున పడితే రైఫిల్ చేతిలోనే పగిలిపోతుంది. మందు పోశాక గొట్టాలన్నీ వరసగా నిలబెట్టి టార్చిలైటు వేసి లోపలికి చూస్తారు, ఏ ఒక్కదాంట్లోనైనా మట్టం తేడాగా ఉందా అని. ఫోను మోగినా లేవకుండా ఈ పని పూర్తిచేసేవాడే మంచి రీలోడర్.

ఇంత చేసి మిగిలేదెంత? వేటకు వాడే ఫ్యాక్టరీ తూటా ఒక్కోటి సుమారు డాలరున్నర నుంచి రెండు డాలర్లు. పాత గొట్టంతో ఇంట్లో నింపితే దాదాపు సగం. ప్రెస్సు, త్రాసు, అచ్చులు కలిపి మొదటి ఖర్చు కొన్ని వందల డాలర్లు. ఇక అసలు ప్రశ్న: మాంసం కోసం వేటాడే కుటుంబానికి ఏడాదికి ఎన్ని తూటాలు కావాలి? నవంబరు సీజన్‌కి ముందు గురి సరిచూసుకోవడానికి ఓ ఐదు, జింకకు ఒకటి, మహా అయితే రెండు. ఇరవై తూటాల పెట్టె ఒకటి కొంటే రెండు మూడేళ్లు వస్తుంది. ఆ జింక ఎముక లేకుండా 40, 50 పౌండ్ల మాంసం ఇస్తుంది. కాబట్టి తిండి కోసమే అయితే తూటా ఖర్చు లెక్కలోకే రాదు, ప్రెస్సు కొన్న డబ్బు ఎన్నేళ్లయినా తిరిగి రాదు. రీలోడింగ్ డబ్బు ఆదా చేయదు, అదే డబ్బుకి ఎక్కువసార్లు కాల్చనిస్తుంది అని ఆ పని చేసేవాళ్లే నవ్వుతూ ఒప్పుకుంటారు. వారం వారం గురి సాధన చేసేవాడికి లాభమే. తన రైఫిల్‌కి సరిగ్గా కుదిరే తూటా తయారుచేసుకుని గురి మెరుగుపరచుకునేవాడికీ లాభమే. ఇంకో రకం వాళ్లకైతే వేరే దారే లేదు: .300 సావేజ్ లాంటి పాత రకం తూటాతో నడిచే తాతల నాటి రైఫిల్ ఉన్నవాళ్లు. ఆ తూటాలను ఫ్యాక్టరీలు అరకొరగా తయారుచేస్తాయి, దుకాణంలో ఏళ్ల తరబడి కనిపించకపోవచ్చు. గొట్టాలు దాచుకుని నింపుకుంటేనే ఆ తుపాకీ పనికొస్తుంది.

సరే, డబ్బు పక్కన పెడదాం. కరువులో ఇది ఆదుకుంటుందా? 2020లో కరోనా, అల్లర్లు, ఎన్నికలు కలిసి తుపాకుల కొనుగోళ్లు విపరీతంగా పెరిగాయి. ఆ ఏడాది తుపాకులకు సంబంధించి ఎఫ్‌బీఐ దగ్గరికి వచ్చిన నేపథ్య తనిఖీలు దాదాపు 4 కోట్లు. తూటాలు అరల మీద నుంచి మాయమయ్యాయి. రీలోడర్లు మనకేం అనుకున్నారు. కొద్ది నెలల్లో ప్రైమర్లూ మాయమయ్యాయి. అంతకుముందు వెయ్యికి 30 డాలర్ల చుట్టూ ఉన్నవి చేతులు మారే బజారులో 100 డాలర్లు దాటాయి, అప్పటికీ దొరికితే గొప్ప. కంపెనీలు తమ దగ్గరున్న ప్రైమర్లను ముందు సొంత తూటాలకే వాడుకుంటాయి, మిగిలితేనే బయట అమ్ముతాయి. కరువొస్తే వరస చివర నిలబడేది రీలోడరే. ఇల్లు నిండా ఇత్తడి, మందు, బుల్లెట్లు ఉన్నా వేలిగోరంత కూడా లేని ఆ బిళ్ల లేక బల్ల మూతపడింది.

బుల్లెట్‌ను సీసం కరిగించి పోత పోసుకోవచ్చు, చాలామంది పోసుకుంటారు. ఇత్తడిని దాచుకోవచ్చు. మందునూ ప్రైమర్‌నూ ఇంట్లో ఎవరూ తయారుచేయలేరు. ప్రైమర్‌లో ఉండే రసాయనం చిన్న దెబ్బకే పేలుతుంది, దాన్ని ఫ్యాక్టరీల్లో తడిగా ఉంచి ప్రత్యేకమైన గదుల్లో నింపుతారు. అమెరికాలో ఆ పనిని పెద్ద ఎత్తున చేసే పేర్లు నాలుగే: మినియాపొలిస్‌కి దగ్గర్లో అనోకాలో ఫెడరల్, ఐడహోలోని లూయిస్టన్‌లో సీసీఐ, ఆర్కన్సాస్‌లో రెమింగ్టన్, ఇంకా వించెస్టర్. 2020లో రెమింగ్టన్ దివాలా తీసింది. దాని తూటాల వ్యాపారాన్ని విస్టా అవుట్‌డోర్ అనే కంపెనీ కొనేసింది, ఫెడరల్, సీసీఐ అప్పటికే దాని చేతిలో ఉన్నాయి. 2024 చివర్లో ఆ మూడూ కలిపి చెక్ దేశపు చెకోస్లోవాక్ గ్రూప్‌కి అమ్ముడయ్యాయి. అంటే నాలుగింటిలో మూడింటి యజమాని ఇప్పుడు ప్రాగ్‌లో ఉన్నాడు. ఇక మందు విషయం: వేటగాళ్లు బాగా ఇష్టపడే హాడ్జ్‌డన్ డబ్బాల్లో కొన్ని రకాలు ఆస్ట్రేలియాలోని ముల్వాలా ఫ్యాక్టరీ నుంచి ఓడెక్కి వస్తాయి. మేన్ అడవి అంచున ఎవరి మీదా ఆధారపడను అనుకుని కూర్చున్న మనిషి చేతిలో ఆస్ట్రేలియా మందు, చెక్ యజమాని ప్రైమర్ ఉంటాయి. ఆయిల్ ట్యాంకర్ కోసం ఎదురుచూసే పొరుగింటివాడి సరఫరా గొలుసు దీనికంటే చిన్నదేమో.

మరి రీలోడర్‌కి నిజంగా దక్కేది ఏమిటంటే వ్యవధి. దొరికినప్పుడు, చౌకగా ఉన్నప్పుడు కొని దాచుకుంటే కరువు రెండేళ్లున్నా దాటేయొచ్చు. ప్రైమర్లు పొడిగా, చల్లగా ఉంచితే దశాబ్దాలు చెడవు. కానీ తయారైన తూటాలే ఓ నాలుగు పెట్టెలు కొని దాచినవాడికీ అదే దక్కుతుంది, బల్ల లేకుండానే. పైగా మందు దాచడానికీ హద్దుంది. ఇళ్లలో పొగలేని మందు దాని సొంత డబ్బాల్లోనే ఉంచితే 20 పౌండ్లు, ప్రైమర్లు 10,000 మించకూడదని అగ్నిరక్షణ ప్రమాణాలు చెబుతాయి. 20 పౌండ్లు దాటితే అంగుళం మందం ఉన్న చెక్కపెట్టెలో పెట్టాలి. ఇనుప బీరువా ఇంకా భద్రం కదా అనిపిస్తుంది గానీ వ్యవహారం ఉల్టా. ఈ మందు ఆరుబయట అంటుకుంటే జోరుగా మండుతుంది, అంతే. గట్టిగా మూసిన ఇనుప పెట్టెలో అంటుకుంటే పీడనం పెరిగి బాంబవుతుంది. చెక్క అయితే సమయానికి విరిగిపోతుంది.

రెంటికీ ఇంకో తేడా వయసు దగ్గర కనబడుతుంది. తూటాల బల్ల ముసలితనానికి అనువైన పని, స్టూలు మీద కూర్చుని కళ్లజోడు పెట్టుకుని ఎనభై ఏళ్లు వచ్చినా చేసుకోవచ్చు. పది టన్నుల కట్టె అలా కాదు. అరవై ఐదు దాటాక నడుం సహకరించదు, పిల్లలు బోస్టన్‌లో ఉద్యోగాల్లో ఉంటారు. నిక్కమైన స్వావలంబన ఇచ్చే పనే మనిషికి ఎక్కువ అవసరమైన వయసులో చేజారిపోతుంది. అందుకే న్యూ ఇంగ్లండ్ ఊళ్లలో కట్టెల బ్యాంకులు పుట్టాయి. ఊరివాళ్లు శనివారాల్లో కలిసి చీల్చి పేర్చిన కట్టెను చలిలో చిక్కుకున్న ఇళ్లకు ఊరికే ఇస్తారు. ఎవరి కాళ్ల మీద వాళ్లు నిలబడే సంస్కృతి అని చెప్పుకునే చోట ఇది నడుస్తున్నది ఇరుగుపొరుగు వాళ్ల మీద. ఎండుకట్టె ఒక్కరోజులో పుట్టదు కాబట్టి ఎవరో ఒకరు ముందే పేర్చి ఉంచాలి. ఆ ముందుచూపును ఊరు ఉమ్మడిగా చేసుకోవచ్చు. ప్రైమర్ల బ్యాంకు ఎక్కడా పుట్టలేదు, ఆకలికీ చలికీ దానితో సంబంధం లేదని జనానికి తెలుసు.

ఇప్పుడు మేన్‌లో జనం మొగ్గు హీట్ పంపుల (బయటి గాలిలోని వేడిని కరెంటుతో ఇంట్లోకి లాగే యంత్రాలు) వైపు మళ్లింది. 2025కి లక్ష పంపులు బిగించాలన్న లక్ష్యాన్ని రాష్ట్రం 2023లోనే దాటేసింది. ఆయిల్ బిల్లు తగ్గింది, కానీ మళ్లీ కరెంటు తీగ మీద ఆధారం పెరిగింది. అందుకని పంపు పెట్టించుకున్న చాలా పల్లె ఇళ్లు పాత పొయ్యిని పీకించలేదు. రోజువారీ వెచ్చదనం పంపుది, తీగ తెగిన రోజుకి పొయ్యి. అప్పుడు ఆరు కార్డులు అక్కర్లేదు, ఒకటి రెండు చాలు. నడుం నొప్పి ఉన్న మనిషి కూడా ఒక వేసవిలో, తొందర లేకుండా, రోజుకింత చొప్పున అంత కట్టె పేర్చుకోగలడు. లేదంటే ఏప్రిల్‌లో, ఎవరూ కట్టెల గురించి ఆలోచించని నెలలో, తక్కువ ధరకి పచ్చివే కొని షెడ్డు కింద పేర్చి రెండేళ్లు వదిలేస్తే సరిపోతుంది.